బహుళ వైకల్యం గల బాలలు - ప్రత్యేక పాఠశాల: కోనసీమ దృష్టితో ఒక పరిశీలన

వికలాంగ బాలల విద్య అనగానే చదువరుల మనస్సులో సాధారణంగా రెండు చిత్రాలు మెదులుతాయి. ఒకటి, బ్రెయిలీ చుక్కలపై వ్రేళ్లు నడుపుతూ చదువుకొంటున్న అంధ బాలుడు. రెండవది, చేతి సైగలతో సంభాషించుకొంటున్న బధిర బాలికలు. ఈ ఉభయుల పాఠశాలలకూ మన దేశంలో నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. కాని ఈ రెండు చట్రాలలోనూ ఇమడని బాలలు మరికొందరున్నారు. పుట్టుక సమయాన మెదడుకు ప్రాణవాయువు చాలక కాళ్లూ చేతులూ బిగుసుకొనిపోయి, దానికి తోడు మాట రాక, మేధస్సు ఎదగక, మధ్యమధ్య మూర్ఛలతో బాధపడే బిడ్డ ఒకరు. చూపూ వినికిడీ రెండూ కొరవడిన బిడ్డ మరొకరు. ఆటిజంతో పాటు తీవ్రమైన మేధో వైకల్యం గలవారు ఇంకొకరు. వీరిని బహుళ వైకల్యం గల బాలలని వ్యవహరిస్తున్నారు. వీరికి బడి అనగా నేమి, అది ఎట్లుండవలె, మన కోనసీమలో అట్టి బడికి గల అవకాశమెంత అనే విషయాలను మా విద్యార్థుల ఎదుటను, కళాశాల కార్యవర్గం ఎదుటను ఉంచదలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

మొదట ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. రెండు వైకల్యాలు కలిసినచో కష్టం రెండింతలవుతుందని పలువురు తలుస్తారు. వాస్తవంలో ఆ లెక్క సరిపోదు. చూపు లేని బిడ్డకు చెవి ఆసరా. వినికిడి లేని బిడ్డకు కన్ను ఆసరా. అంధుల విద్య గాని, బధిరుల విద్య గాని ఈ ఆసరా అనే పునాదిపైననే నిర్మింపబడినది. ఆ ఆసరా కూడ లేనప్పుడు పాత పద్ధతులలో ఏదియూ పనికిరాదు. పూర్తిగా వేరొక మార్గం వెదకవలసినదే. ఇట్టి బిడ్డను వెంటబెట్టుకొని తిరిగే తల్లికి ఎదురయ్యే సమాధానాలు విన్నచో ఈ సంగతి తేటతెల్లమవుతుంది. అంధుల బడివారు "బుద్ధి చాలదమ్మా" అంటారు. బుద్ధిమాంద్యం గల పిల్లల బడివారు "చూపు లేదు, మావల్ల కాదు" అంటారు. ఊరి బడివారు "కూర్చోలేడు కదా, ఎక్కడ కూర్చోబెట్టేది?" అంటారు. ఏ ఒక్కరూ కఠినులు కారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. అయినను బిడ్డ మాత్రం ఇంటి అరుగు మీదనే మిగిలిపోతాడు.

ఇట్టి పిల్లలకు చదువు చెప్పవచ్చునని లోకానికి నిరూపించినవారు కొద్దిమందే. అమెరికాలోని పెర్కిన్స్ పాఠశాలలో 1837లో చేరిన లారా బ్రిడ్జ్‌మన్ అనే బాలిక చూపు, వినికిడి రెండూ లేనిది. డాక్టర్ శామ్యూల్ హౌ ఆమెకు స్పర్శ ద్వారా అక్షరాలు నేర్పినాడు. అదే పాఠశాలలో చదివిన ఆనీ సల్లివాన్ 1887లో హెలెన్ కెల్లర్ అనే ఆరేళ్ల పిల్లకు ఉపాధ్యాయినిగా వెళ్లినది. హెలెన్ కెల్లర్ కథ మన పాఠ్యపుస్తకాలలో పలుమార్లు వచ్చినదే. 1955లో ఆమె మన దేశంలో పర్యటించినది కూడ. కాని ఆ కథలో మన పిల్లలకు చెప్పని అంశమొకటి ఉన్నది. అక్కడ ఒక విద్యార్థినికి ఒక ఉపాధ్యాయిని! పట్టుదల, ప్రతిభ, దైవానుగ్రహం అని మనం ఎన్ని పేర్లు పెట్టినను, ఆ విజయానికి మూలం ఆ నిష్పత్తియే. హెలెన్ తండ్రికి ఒక ఉపాధ్యాయినిని పోషించే శక్తి ఉండెను. లేనివారి సంగతి ఏమిటి? అందుకే ఈ బాధ్యత ప్రభుత్వాలపై పడుతున్నది.

ప్రభుత్వాలు దీనిని అంగీకరించుటకు చాలా కాలం పట్టినది. విద్యారంగంలో అగ్రగామిగా పేరు గాంచిన ఇంగ్లండులో సైతం తీవ్ర మేధో వైకల్యం గల బాలలను విద్యకు అనర్హులుగా ముద్ర వేసి ఆరోగ్యశాఖకు అప్పగించే ఆచారం చిరకాలం సాగినది. 1970 నాటి చట్టం వలన మాత్రమే, అది అమలులోకి వచ్చిన 1971 ఏప్రిల్ నుండి, అట్టివారందరూ విద్యాశాఖ పరిధిలోకి వచ్చినారు. అమెరికాలో 1975లో వికలాంగ బాలలందరికీ విద్యాహక్కు చట్టం వచ్చినది. మానవుడు చంద్రునిపై కాలు మోపిన తరువాత గాని మంచం మీది బిడ్డకు బడి హక్కు దొరకలేదన్న మాట!

మన దేశం విషయానికి వస్తే, బొంబాయిలో 1885లో బధిరుల పాఠశాల, అమృతసర్‌లో 1887లో అంధుల పాఠశాల వెలసినవి. మస్తిష్క పక్షవాతం, అనగా సెరిబ్రల్ పాల్సీ, గల పిల్లల కొరకు మిథు అలూర్ గారు బొంబాయిలో 1972లో స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించినారు. చూపు, వినికిడి రెండూ లేని బాలల కొరకు అదే నగరంలో 1977లో హెలెన్ కెల్లర్ సంస్థ ఏర్పడినది. తెలుగునాట బుద్ధిమాంద్యం గల బాలల విద్యకు నాంది పలికినది హైదరాబాదులో 1968లో స్థాపింపబడిన ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ. కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పినది. నేడది జాతీయ మేధో దివ్యాంగజన సాధికారత సంస్థ అనే పేరుతో పనిచేస్తున్నది. దేశం మొత్తానికి ఉపాధ్యాయులను తయారుచేసి పంపే ఈ పీఠం తెలుగు గడ్డపై ఉండడం గర్వకారణమే. అయితే 2014 రాష్ట్ర విభజన తరువాత ఈ పెద్ద సంస్థలు తెలంగాణలో మిగిలినవి. మన వైపు విశాఖపట్నంలో లెబెన్‌షిల్ఫె, కాకినాడలో ఉమా మనోవికాస కేంద్రం వంటి స్వచ్ఛంద సంస్థలు ఈ భారాన్ని మోస్తున్నాయి. లెబెన్‌షిల్ఫె అనునది జర్మను భాషా పదం. 1958లో ఆ దేశంలో ఇట్టి పిల్లల తల్లిదండ్రులు, నిపుణులు కలిసి పెట్టుకొన్న సంఘం పేరును ఇచ్చట స్వీకరించినారు. జీవితానికి చేయూత అని ఆ మాటకు తాత్పర్యం.

ఇక కోనసీమ. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, సముద్రం అంచున ఒదిగిన ఈ సీమ సౌందర్యాన్ని వర్ణించుటకు మా కలం చాలదు, ఇది దానికి సమయమూ కాదు. ఆ సౌందర్యాన్ని సృష్టించిన నీరే బడి దారికి అడ్డమవుతున్నది. అమలాపురం నుండి కాకినాడకు గాని రాజమహేంద్రవరానికి గాని 60 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. రైలు నేటికీ లేదు. రాజోలు వైపు వారికి దూరం ఇంకను ఎక్కువ. మెడ నిలపలేని పదేళ్ల బిడ్డను చంక నెత్తుకొని, రెండు బస్సులు మారి, ఫిజియోథెరపీ చేయించుకొని, మరల రెండు బస్సులు మారి ఇల్లు చేరే తల్లికి ఆ రోజు కూలి పోయినట్లే. లంక గ్రామాల వారి మాట చెప్పనే అక్కరలేదు. ముక్తేశ్వరం - కోటిపల్లి రేవున గాని, సఖినేటిపల్లి - నరసాపురం రేవున గాని పంటు ఎక్కినవారికి ఆ అవస్థ తెలుసు. వరద రోజులలో చాకలిపాలెం వద్ద కాజ్‌వే మునిగినదంటే కనకాయలంక వారికి పడవే శరణ్యం. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి ఉగ్రరూపం దాల్చినప్పుడు నడవగలిగినవారు ఏటిగట్టు ఎక్కినారు. నడవలేనివారిని ఎవరో ఒకరు మోయవలసి వచ్చినది. ఇట్టి నేలపై ప్రత్యేక పాఠశాల దూరాన ఉన్నదనడం, లేదనడం, ఒక్కటే.

అసలు ప్రత్యేక పాఠశాలలో ఏమి చేస్తారు? అది పిల్లలను ఉంచే సత్రం కాదు. "అఆలు రానివానికి అక్కడ ఏం చెబుతారండీ?" అని మమ్ములను ఒకరిద్దరు పెద్దలు అడిగినారు కూడ. సమాధానం కొంత వివరంగా చెప్పవలె.

సికింద్రాబాదు సంస్థ వారు రూపొందించిన పరీక్షా పట్టిక ఒకటి దేశమంతటా వాడుకలో ఉన్నది. అందులో అక్షరాలు, అంకెలు ఉన్నప్పటికీ అవి మొదటి మెట్టు కావు. తినడం, త్రాగడం, మలమూత్ర విసర్జన సంగతి తెలుపుట, బట్ట తొడుగుకొనుట, పిలిచినచో పలుకుట వంటి నిత్యకృత్యాలను బట్టి బిడ్డ స్థాయిని నిర్ణయిస్తారు. పిల్లలను వయస్సుతో పాటు సామర్థ్యాన్ని కూడ చూచి తరగతులుగా విభజిస్తారు. తన స్థాయికి నిర్ణయించిన అంశాలలో 80 శాతం సాధించిన బిడ్డ పై స్థాయికి వెళతాడు. ప్రతి బిడ్డకూ వేరువేరుగా విద్యా ప్రణాళిక వ్రాస్తారు. మన తరగతిలో అరవై మందికి ఒకే పాఠం. అక్కడ ఆరుగురికి ఆరు పాఠాలు.

గ్లాసుతో నీళ్లు త్రాగడం అనే ఒక్క పనిని తీసుకొందాము. మనకది ఒక పని. ప్రత్యేక ఉపాధ్యాయినికి అది ఏడు పనులు: చేయి చాచడం, గ్లాసు పట్టుకోవడం, ఎత్తడం, పెదవులకు ఆనించడం, వంచి గుటక వేయడం, నోటి నుండి తీయడం, తిరిగి బల్లపై దించడం. ఆమె తన చేతిని బిడ్డ చేతిపై ఉంచి మొదటి ఆరు పనులూ తానే చేయించి, చివరిదైన దించడం మాత్రం బిడ్డకు వదలుతుంది. అది వచ్చిన తరువాత చివరి రెండూ, పిమ్మట చివరి మూడూ. ఈ విధంగా వెనుక నుండి ముందుకు రావడంలో ఒక రహస్యమున్నది. ప్రతిసారీ పని పూర్తిచేసినది బిడ్డయే అవుతాడు. విసుగుకు బదులు గెలుపు వానికి దక్కుతుంది. ఏడు మెట్లకు ఏడు నెలలు పట్టవచ్చును. అప్పటికి ఆ ఇంటిలో తల్లి నీళ్లు పట్టవలసిన పని తప్పుతుంది. బి.ఏ. పట్టా కంటె దీనిని తక్కువగా చూచుటకు మాకు కారణం కనిపించడం లేదు.

మరొకటి ఆహారం. మస్తిష్క పక్షవాతం గల బిడ్డను ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, తల వెనుకకు వాల్చి, జావ పోయడం మన ఇళ్లలో సర్వసాధారణం. ఆ భంగిమలో ఆహారం ఊపిరి గొట్టంలోకి జారే ప్రమాదమున్నది. ఇట్టి పిల్లలకు తరచూ వచ్చే నెమ్ముకు, అనగా న్యుమోనియాకు, ఇదొక ముఖ్య కారణం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం క్రిందికి వంచి, కొద్దికొద్దిగా పెట్టవలె. కూర్చోలేనివానికి మూల కుర్చీ ఉన్నది. రెండు గోడలు కలిసే మూల వలె వీపును రెండు వైపుల నుండి పట్టి నిలుపుతుంది. కొలత తీసి ఇచ్చినచో ఊరి వడ్రంగి చేయగలడు. ఈ మాట తెలియనందువలన పోయిన ప్రాణాలు ఎన్నో! మూర్ఛకు తాయెత్తు కట్టి, వైద్యుడిచ్చిన మాత్ర మధ్యలో మానిపించే ఆచారం కూడ మన వాడలలో లేకపోలేదు. తాయెత్తు కట్టినవారు కట్టుకొందురు గాక, మాత్ర మాత్రం మానిపించరాదు.

ఇప్పుడు మన మండలాలలో ఉన్న ఏర్పాటును చూద్దాము. విద్యాశాఖ ఆధ్వర్యాన మండల స్థాయిలో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. సహిత విద్యా ఉపాధ్యాయులు ఒకరిద్దరు ఉంటారు. నిర్ణీత దినాలలో ఫిజియోథెరపిస్టు వస్తాడు. బడికి రాలేని పిల్లల ఇండ్లకు ఉపాధ్యాయులే వెళతారు. 2012లో విద్యాహక్కు చట్టానికి జరిగిన సవరణ, తీవ్రమైన, బహుళమైన వైకల్యాలు గల పిల్లలకు ఇంటి వద్దనే విద్య పొందే హక్కు ప్రసాదించినది. ఆ ఉపాధ్యాయులలో పలువురు కాంట్రాక్టు జీతంపై, సొంత ద్విచక్ర వాహనంపై, రేవులు దాటి తిరుగుతున్నవారు. వారి శ్రమను మేము కొనియాడుతున్నాము. కాని లెక్క వేసి చూడవలె. ఒక ఉపాధ్యాయుడు వారానికొకసారి వచ్చి ఒక గంట కూర్చున్నాడనుకొందాము. ఏడాదికి నలభై వారాలు పనిచేసినచో నలభై గంటలు. ఇదే విద్యాహక్కు చట్టం ఒకటి నుండి అయిదు తరగతుల సాధారణ బాలునికి ఏడాదికి 800 గంటల బోధన ఉండవలెనని శాసించినది. అనగా, అందరికంటె ఎక్కువ కావలసిన బిడ్డకు అందరికంటె ఇరవయ్యవ వంతు! ఇంటి వద్ద విద్య అనునది బడికి సాయంగా ఉండవలసినది. బడికి బదులుగా మారినప్పుడు పేరు రిజిస్టరులోను, పిల్లవాడు మంచం మీదను ఉండిపోతాడు.

రాజోలు ప్రాంతంలో మేము చూచిన ఒక ఇంటి సంగతి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. పన్నెండేళ్ల బాలిక, నడక, మాట రెండూ లేవు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లినది. మన సీమ నుండి అట్లు వెళ్లిన తల్లులు ఎందరో. ఆమె పంపే డబ్బుతోనే ఈ బిడ్డ మందులు. పెంచుతున్నది నానీ. ఆ వృద్ధురాలు మాతో అన్న మాట: "నేనున్నంత వరకు పర్వాలేదు సార్. నా తర్వాత దీన్ని ఎత్తేదెవరు?" ఆ బిడ్డకు పింఛను వస్తున్నది, సదరం సర్టిఫికెట్ ఉన్నది. లేనిదల్లా ఉదయం తొమ్మిది గంటలకు ఎక్కడికైనా వెళ్లి సాయంత్రం నాలుగింటికి తిరిగి రాగల ఒక చోటు. అట్టి చోటు ఉన్నచో నానీకి ఏడు గంటల విశ్రాంతి, బిడ్డకు ఏడు గంటల లోకం.

ఆ ఇంటిలోనే మేము మరొక విషయం గమనించినాము. నానీ మాట్లాడేది ఉర్దూ. వచ్చే ఉపాధ్యాయుడు బొమ్మ చూపి "నీళ్లు" అంటాడు. నానీ రోజంతా "పానీ" అంటుంది. సాధారణ బిడ్డ రెండు భాషలనూ ఆడుతూ పాడుతూ పట్టుకొంటాడు. ఒక్కొక్క మాటను నెలల తరబడి సంపాదించుకొనే బిడ్డ విషయంలో బడిలో ఒక మాట, ఇంటిలో ఒక మాట అయినచో ఆ సంపాదన నిలువదు. అట్లని ఇంటి భాషను మానుకొమ్మని తల్లులకు చెప్పడం కూడ తప్పు. తల్లి తనకు వచ్చిన భాషలోనే ప్రేమగా, నిండుగా మాట్లాడగలదు. చేయవలసినది, ఉపాధ్యాయుడే ఆ ఇంటి మాటలు ఒక యాభై నేర్చుకొనుట. ఉర్దూ తెలిసిన ప్రత్యేక ఉపాధ్యాయుల అవసరాన్ని ఏ ప్రణాళికలోనూ మేము చూడలేదు.

ఇట్టి పిల్లలను ప్రత్యేక పాఠశాలలకు పంపడం వారిని సమాజం నుండి వేరు చేయడమే కదా అని వాదించే విద్యావేత్తలున్నారు. 1994లో స్పెయిన్‌లోని సలమాంకా నగరంలో జరిగిన ప్రపంచ సమావేశం సహిత విద్యనే ఆదర్శంగా ప్రకటించినది. ఆ ఆదర్శాన్ని మేము శిరసావహిస్తాము. చక్రాల కుర్చీలో ఉన్న తెలివైన బాలుని మెట్లున్నాయని చెప్పి బడి బయట ఉంచడం క్షమింపరాని నేరం. కాని ఆదర్శం పేరిట, అరవై మంది మధ్య ఒక మూల చాపపై బహుళ వైకల్యం గల బిడ్డను కూర్చోబెట్టి, సహిత విద్య సాధించినామనడం మాత్రం ఒప్పుకొనలేము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇక్కడ వివేకంతో వ్యవహరించినది. 40 శాతం గాని అంతకు మించి గాని వైకల్యం గల బాలలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చి, అది సమీప పాఠశాలలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్న ఎంపికను వారికే వదిలినది. అయితే ఎంపిక అనే మాటకు అర్థం రెండు ఉన్నప్పుడే. రాజోలు నానీకి రెండవది లేదు.

ఉపాధ్యాయుల కొరతపై సుప్రీం కోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పు స్మరింపదగినది. సాధారణ పాఠశాలలలోని ప్రత్యేక అవసరాలు గల బాలల కొరకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతులలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండవలెనని న్యాయస్థానం ఆదేశించినది. తదనుగుణంగా మన రాష్ట్ర ప్రభుత్వం 2025లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసినది. ఇది శుభవార్త. అందులో మన విద్యార్థులు ఎందరు నిలువగలరన్నది మన చేతిలోని పని.

2022లో కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. జిల్లా కేంద్రంలో ఒకటి, రాజోలులో ఒకటి, కొత్తపేటలో ఒకటి, పగటి వేళ నడిచే మూడు చిన్న ప్రత్యేక పాఠశాలలు ఉన్నచో బిడ్డలు రాత్రికి తమ ఇండ్లకే చేరగలరు. వసతి గృహం గల పెద్ద పాఠశాల ఒకటి కట్టడం కంటె ఇదే మేలని మా అభిప్రాయం. మాట రాని బిడ్డ తనకు జరిగినది చెప్పుకొనలేడు, అట్టివానిని ఇంటికి దూరంగా ఉంచడం తప్పనిసరి అయినప్పుడే చేయవలె. పాఠశాలకు మెట్లు లేని గది, వెడల్పయిన మరుగుదొడ్డి, రాంపు గల వాహనం, సహాయకురాలు ముఖ్యం. భవనం అందంగా ఉండనక్కర లేదు. పెద్ద పిల్లల చేతిపనికి కొబ్బరి పీచు మన పెరట్లోనే ఉన్నది.

కార్యవర్గం వారికి మా విన్నపాలు రెండు. మన ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు మండల విద్యాశాఖాధికారుల అనుమతితో, భవిత ఉపాధ్యాయుల వెంట తిరిగి, ఏ జాబితాకూ ఎక్కని బిడ్డలను గుర్తించుటకు ఒక వేసవి వెచ్చించవచ్చును. రెండవది, మన తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు కలిసి రెండు భాషల బొమ్మల పటం తయారుచేయవచ్చును. నీళ్లు, అన్నం, నొప్పి, బయటికి, అమ్మ వంటి మాటలకు బొమ్మ, క్రింద తెలుగు, దాని క్రింద ఉర్దూ. మాట రాని బిడ్డ వ్రేలితోనో, చూపుతోనో దానిని తాకి తన కోరిక చెప్పగలడు. పటం గీసేవారు "వద్దు", "చాలు" అనే రెండు బొమ్మలను మరువవద్దు. మనం చూచిన పటాలలో అడిగే మాటలే గాని కాదనే మాటలు ఉండడం లేదు.

ఈ వృత్తిలో ప్రవేశింపదలచినవారికి ఒక మాట. ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైనవారు రెండేళ్ల ప్రత్యేక విద్యా డిప్లొమాలో చేరవచ్చును. మేధో వైకల్యం, వినికిడి, దృష్టి లోపాలకు వేరువేరు శాఖలున్నాయి. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తించిన సంస్థలోనే చదవవలె. చదివిన పిమ్మట ఆ మండలి వద్ద పేరు నమోదు చేయించుకొననివారికి ప్రత్యేక ఉపాధ్యాయునిగా పనిచేసే అర్హత లేదు. ప్రకటనలు చూచి డబ్బు కట్టే ముందు ఆ గుర్తింపు ఉన్నదో లేదో విచారించుకొనవలె. ద్వితీయ సంవత్సరం విద్యార్థులలో ఆసక్తి గలవారు తెలుగు శాఖలో మమ్ములను కలుసుకొనవచ్చును.